ద్వాలి అంటే దీపావళి కాదు

నేను ఏడ్చిన ఏడుపుకు మా జిల్లాలో సగం మంది డ్యాన్స్ చేశారు. కోపం రాకుండా ఎట్లా ఉంటుంది? "కోపం తగ్గించుకో సువర్ణా" అని సలహాలిచ్చేవాళ్లు ఒక్కరోజు నా బస్సెక్కి చూడాలి.

నేను ఆర్టీసీ కండక్టర్ని. పాల్వంచ, కొత్తగూడెం, చండ్రుగొండ, ఈ రోడ్ల మీదే నా ఉద్యోగం. పవర్‌ప్లాంటులో షిఫ్టు దిగినవాళ్లు, పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు ఎక్కుతారు. వాళ్లలో ఒకడు తప్పకుండా ఫోన్ బయటికి తీస్తాడు. జేబులో ఇయర్‌ఫోన్ ఉన్నా చెవిలో పెట్టుకోడు. వాడికి నచ్చిన పాట డ్రైవర్ దాకా వినపడాలి. ముందు డప్పులు మోగుతాయి. తర్వాత పటాకులు పేలతాయి. ఆ మోత మధ్యలోంచి మా అమ్మ గొంతు లేస్తుంది. ఆమె పక్కనే వెక్కి వెక్కి ఏడుస్తున్న ఒక ఆడపిల్ల. ఆ ఆడపిల్ల నేనే. సరిగ్గా అమ్మ గొంతు పైకెక్కే చోట, ఆమె నోటికి ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు, ఒక మగ గొంతు వచ్చి పడుతుంది. "డీజే ప్రభా... ఫ్రమ్ బూర్గంపాడూ..."

"ఫోన్ ఆపుతవా, బండి దిగుతవా?" అని అడుగుతాను.

"ఇంత మంచి పాటకు ఏమైంది మేడం? మీ లంబాడోళ్ల పాటే గదా" అంటారు. పైగా నవ్వుతారు. మా అమ్మ ఏడుపుకు కాలితో తాళం వేస్తూ నాకే మా పాట గురించి చెప్తారు. అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అది పాట కాదు. దాన్ని ఢావ్లో అంటాం. మా లంబాడీ ఆడపిల్ల పెళ్లయి అత్తగారింటికి పోయేటప్పుడు తల్లి బిడ్డను పట్టుకుని, బిడ్డ తల్లిని పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. మాటలు ఎవరూ రాసివ్వరు. ఆ ఘడియకు కడుపులోంచి ఏది వస్తే అదే. ముందే పాడి దాచుకునేది కాదు, మళ్లీ పాడమంటే వచ్చేదీ కాదు. ఎదురుగా మనిషి ఉండాలి. ఆ మనిషి మెడ చుట్టూ చేతులు ఉండాలి.

నా పెళ్లిలో అమ్మ అట్లా పట్టుకుని ఏడ్చినప్పుడు మా తమ్ముడు రవికుమార్ ఫోన్లో రికార్డు చేశాడు. ఆ ఫైలుకు అమ్మ పేరే పెట్టుకున్నాడు. ద్వాలి. అమ్మ దీపావళి నాడు పుట్టింది. ఆ పండగను మా భాషలో దవాళి అంటాం, అదే ఆమె పేరులో ద్వాలి అయింది. కిందటేడాది వానాకాలంలో జ్వరం వచ్చి అమ్మ పోయింది. ఏడుస్తూ కూర్చోవడం రాని మగపిల్లాడు ఏదో ఒకటి చెయ్యాలి కదా, మా రవి ఆ ఫైలును బూర్గంపాడులో తన దోస్తు ప్రభాకర్‌కు పంపాడు. "మా అమ్మ గొంతు జర సాఫ్ చేసి, ఎనక మెల్లగ మ్యూజిక్ పెట్టియ్యన్నా" అని అడిగాడట. ఆ తర్వాత కొన్నాళ్లకు భద్రాచలం రేవులో సెల్ఫీ దిగబోయి ఫోన్‌ను గోదాట్లో పడేసుకున్నాడు. అసలు రికార్డింగు దాంతోనే పోయింది.

అమ్మ పోయాక మొదటి దీపావళి వచ్చింది. ఆ పండగకు మా తండాల్లో పోయినవాళ్లను తలుచుకుంటాం. నాన్న నిప్పుల ముందు కూర్చుని అమ్మ పేరు చెప్పి, బెల్లమన్నం, నెయ్యి నిప్పుల్లో వేస్తున్నాడు. అప్పుడే రోడ్డు మీద పోతున్న ఆటోలోంచి అమ్మ గొంతు వచ్చింది. డప్పులతో, పటాకులతో, డీజే ప్రభా పేరుతో. నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన తల తిప్పి వాకిలి వైపు చూశాడు. అమ్మ వచ్చిందేమోనని చూశాడు. ఆ చూపును నేను చచ్చేదాకా మర్చిపోను, ఆ ప్రభాకర్‌ను క్షమించను.

ఆ వారమే వీక్లీ ఆఫ్ రోజున బూర్గంపాడు పోయాను. చికెన్ సెంటర్ మీద ఒక గది, దానికి స్టూడియో అని బోర్డు. ప్రభాకర్ నెత్తిన టోపీ తిప్పి పెట్టుకుని, నన్ను చూడగానే కుర్చీ వేశాడు. మర్యాదకేం తక్కువ లేదు.

"మీ అమ్మ పేరా అది? అరెరే" అన్నాడు. "ఫైలు మీద ద్వాలి అని ఉందక్కా. తండాలల్ల దీపావళిని గట్లనే అంటరు గదా. మీ భాష నాకు మంచిగనే ఎరుక. అందుకే దివాలీ స్పెషల్ అని ఇడ్సిన. పటాకులు గూడ నేనే కలిపిన."

"ఏడ్పుకూ పండక్కూ ఫరక్ తెల్వదా నీకు?"

"బీట్ ఎక్కినంక ఏదైనా పండగేనక్కా. చూస్తివా, ఎంత హిట్టయిందో. మీ అమ్మ గొంతు ఊరూరా తిరుగుతాంది."

"అసలు ఫైలు ఇయ్యి."

"లేదక్కా. డిస్క్ నిండితే తీసేసిన."

"నీ పేరు లేనిదన్న ఇయ్యి."

"పేరు ఎయ్యకుంట పెడితే ఎవలన్న దొంగతనం చేస్తరక్కా" అన్నాడు.

దొంగతనం అన్న మాట వాడి నోటితోనే వాడే అన్నాడు. నాకు చెయ్యి లేచింది. కింద కోళ్లు అరుస్తున్నాయి, మెట్ల మీద ఎవరో వస్తున్నారు, ఒంటి మీద యూనిఫారం లేకపోయినా ఉద్యోగం గుర్తొచ్చింది. లేచిన చేతిని అట్లాగే తలుపు మీద వేసి దిగి వచ్చేశాను. తలుపు మాత్రం ఊగింది.

ఈ వేసవిలో మా చెల్లెలు కవిత పెళ్లి కుదిరింది. కవిత పాల్వంచలో ఒక చిన్న బళ్లో టీచరు. మెత్తని మనిషి, ఇంట్లో ఎవరి మీదా గొంతు పెంచదు. పెళ్లి బట్టలు మడత పెడుతున్నప్పుడు ఉన్నట్టుండి నాతో అంది. మా ఇంట్లో మాట్లాడేది మా భాషే, తెలుగులో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది.

"బాయీ, నేను పోయేటప్పుడు నాకు యాడి గొంతు వినపడాలె."

బాయి అంటే అక్క. యాడి అంటే అమ్మ.

"ఆ పాట పెట్టమంటవా?" అన్నాను. నాకప్పుడే ఒళ్లు మండుతోంది.

"అది తప్ప యాడి గొంతు ఇంకేడుంది? కానీ ఆ డీజే పేరు వినపడొద్దు. ఒక్కసారి వినపడ్డా నేను బండి ఎక్క. చెప్తున్న."

మెత్తనివాళ్లు ఒక్కసారి అంటే అన్నట్టే. దాంతో ఆ పని నా నెత్తిన పడింది.

పాల్వంచ బస్టాండు వెనక సర్వర్ చాచా సౌండ్ షాపు ఉంది. మా చిన్నప్పుడు తండాలో పెళ్లయితే ఆయనే సైకిలుకు హారన్ మైకు కట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు బండ్లు, బాక్సులు, లైట్లు అన్నీ ఉన్నాయి. షాపులో కూర్చునేది ఆయన కూతురు షబ్నమ్. కాలేజీకి నా బస్సులోనే పోయేది, ఫుట్‌బోర్డు మీద నిలబడితే నేను తిట్టేదాన్ని, ఆ తిట్లతోనే స్నేహమైంది.

ముందు షబ్నమ్ ఆ పాటను లాప్‌టాప్‌లో వేసింది. డప్పుల్ని, గొంతుల్ని విడదీసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందట. డప్పులు పోయాయి. పటాకులు పోయాయి. ఎక్కడో ఒకటీ అరా చప్పుడు తప్ప అమ్మా, నేనూ మిగిలాం. అమ్మ పోయాక మొదటిసారి ఆమె గొంతు ఒంటరిగా విన్నాను. కళ్లు తుడుచుకునే లోపల వాడొచ్చాడు. "డీజే ప్రభా..."

"వీడెందుకు పోలే?" అని అరిచాను.

"మిషన్‌కేమెరుక అక్కా. దానికి రెండూ మనిషి గొంతులే" అంది షబ్నమ్.

పాటలో వాడి పేరు మూడు చోట్ల ఉంది. అక్కడ కోసేస్తే అమ్మ మాట కూడా తెగిపోతుంది. ఆ కింద అమ్మ ఏమందో ఈ లోకంలో తెలిసింది నాకొక్కదానికే. ఆమె చెప్పింది నా చెవిలో కదా. మొదటిచోట, "రేపటి సంది నీ జడ ఎవరు అల్లుతరు బిడ్డా" అంది. రెండోచోట, "నీ కోపం ఈడనే ఇడ్సిపో, నేను దాచిపెడత" అంది. మూడోది నాకు గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అప్పటికి నేను ఏడ్చి ఏడ్చి సోయి తప్పి ఉన్నాను. ఎప్పుడైనా వినొచ్చులే అని మనసులో పెట్టుకోలేదు. ఇప్పుడు ఆ మాట మీద డీజే ప్రభా కూర్చున్నాడు, ఇక లేవడు. నాకు వాడి మీద అసలు కోపం ఇదే.

"నువ్వు పాడిన ముక్కలు రికార్డు చేసి అతికిస్త" అంది షబ్నమ్.

"ఢావ్లోను అతికియ్యరు. అక్కడ నిలబడి పాడాలె."

"అయితే మిక్సర్ కావాలె నీకు" అంది. "రెండు చానెళ్లది చాలు. ఒక దాంట్ల మీ అమ్మ పాట, ఒక దాంట్ల మైకు. నడుమ అడ్డంగ జరిగే ఫేడర్ ఉంటది, క్రాస్‌ఫేడర్ అంటరు. ఎటు జరిపితే అటుది వినపడతది. వాడి పేరొచ్చే టైముకు మైకు దిక్కు జరిపి నువ్వు పాడు. పేరు అయిపోంగనే అమ్మ దిక్కు తే."

ఇంత సులువా అనుకున్నాను. సర్వర్ చాచా లోపలి నుంచి మూడు మిక్సర్లు తెచ్చి కౌంటర్ మీద పెట్టించాడు.

"నీకు బ్లెండింగ్‌కు కావాల్నా, స్క్రాచ్‌కు కావాల్నా?" అని అడిగింది షబ్నమ్.

స్క్రాచ్ అంటే నాకు తెలిసింది బస్సు మీద పడే గీత. దానికి డిపోలో సంజాయిషీ చెప్పుకోవాలి. ఇక్కడ పాటను గరగరమని ముక్కలుగా కోయడాన్ని అట్లా అంటారట, దానికోసం మిషన్లు చేస్తారట.

"నాకు వాడి పేరు వినపడొద్దు" అన్నాను.

"గది ఏ డబ్బా మీదా రాసుండదక్కా."

"నీ మిషన్లల్ల ఒక్కదాన్నన్న వాడి నోరు మూసేది ఉందా లేదా చెప్పు ముందు."

"ఇది తీస్కో బేటీ" అన్నాడు చాచా, మొదటిదాని మీద చెయ్యి వేసి. స్విచ్చి వేయగానే అది నీలంగా, ఎర్రగా వెలిగింది. గుండ్రటి బటన్లు, ఎఫెక్టులు, ఒకటి నొక్కితే గొంతు బావిలోంచి వచ్చినట్టు, ఇంకోటి నొక్కితే రోబో మాట్లాడినట్టు. "జనం దీన్నే చూస్తరు. పెండ్లిల రౌనక్ ఉంటది."

"జనం మా చెల్లెను చూడాలె చాచా. దీన్ని కాదు."

అయినా పరీక్ష పెట్టాం. పాట నడుస్తోంది. వాడి పేరు మొదలవుతుందనగా నేను ఫేడర్ జరపాలి. జరిపాను. స్పీకర్లోంచి "డీజే ప్ర" అని వచ్చి ఆగింది. మళ్లీ చేశాను. మళ్లీ "డీజే ప్ర". ఫేడర్ సగం దాకా పోయినా ఇంకా పాట వదలడం లేదు. లైట్లు మాత్రం బాగానే తిరుగుతున్నాయి.

"ప్ర దాకా వచ్చిండంటే ప్రభాకర్ వచ్చినట్టే. తియ్ దీన్ని" అన్నాను.

రెండోది బరువైనది, చూస్తేనే గౌరవం కలిగేటట్టు ఉంది. ఫేడర్లు పొడుగ్గా, వెన్నలో వేలు పెట్టినట్టు జరుగుతున్నాయి. బ్లెండింగ్‌కు దీన్ని మించింది లేదంది షబ్నమ్. ఒక పాట ఎక్కడ అయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిపేస్తుందట. జరిపాను. ఒట్టి "డీ" మాత్రం వచ్చింది. కానీ ఆ ఒక్క అక్షరం అమ్మ రాగంలో కరిగిపోయి, అది ఆమె నోట్లోంచే వచ్చినట్టు వినపడింది. మా అమ్మే వాడి పేరు మొదలుపెట్టినట్టు.

"ఇది అంతకంటే పాపిష్టిది" అన్నాను.

"మిషన్‌ను తిడతవేంది అక్కా?" షబ్నమ్ నవ్వింది.

"తిట్టక? వీడెట్ల కలిపిండో ఇదీ అట్లనే కలుపుతాంది."

పైగా ఆ రెండింట్లోనూ మైకు ఆ ఫేడర్ కిందికి రాదట, నేరుగా బయటికి పోతుందట. నేను ముక్కు చీదినా తండా అంతా వినపడుతుంది. ఆ సంగతి చాచా అప్పుడు తీరిగ్గా చెప్పాడు. ముందే చెప్పొచ్చు కదా చాచా అంటే, "నువ్వు అడగనిస్తేనాయె" అన్నాడు. అదీ నిజమే.

మూడోది చిన్నది, నల్లది. అటూ ఇటూ రెండు వరసల పచ్చ చుక్కలు తప్ప దానికి వేరే సింగారం లేదు. పాట ఉన్న వైపు చుక్కలు పాటతో పాటు ఎగురుతాయి, అంతే. ఎవరో స్క్రాచ్ నేర్చుకుంటానని తెప్పించుకుని తీసుకుపోలేదట, షెల్ఫులో పడి ఉంది. దీంట్లో రెండో చానెల్‌ను మైకుకు మార్చుకోవచ్చు. ఫేడర్ ఎంత తేలిక అంటే వేలు తగిలితే అటు పడుతుంది. పక్కన ఒక చిన్న స్విచ్చి ఉంది. షబ్నమ్ దాన్ని ఒక పక్కకు వేసి, "ఇట్లుంటే వెంట్రుకంత జరిపినా కోసేస్తది. స్క్రాచ్ కొట్టెటోళ్లకు గదే కావాలె" అంది.

పాట పెట్టాం. అమ్మ గొంతు పైకి లేచింది. వాడు ఊపిరి తీసుకునే చప్పుడు కూడా ఆ రికార్డింగులో ఉంది, అది అప్పుడే గమనించాను. ఆ ఊపిరి దగ్గరే వేలు జరిపాను.

ఏమీ రాలేదు. డీ లేదు, జే లేదు. షాపులో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు మాత్రమే ఉంది. నేను మైకులో మొదటి మాట పాడాను. రేపటి సంది నీ జడ ఎవరు అల్లుతరు బిడ్డా. తిరిగి అమ్మ వైపు జరిపాను.

అమ్మ గొంతు చెంపదెబ్బలా వచ్చి తగిలింది. మధ్యలోంచి, పెద్దగా, మాట సగంలో. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. వాడి నోరు మూయడానికి పట్టుకున్న కత్తి అమ్మకూ తగిలింది.

"ఇప్పుడు ఇది గూడ పనికి రాదంటవా?" అన్నాడు చాచా.

షబ్నమ్ కాసేపు తల గోక్కుంది. "అక్కా, పోయేటప్పుడు స్క్రాచోళ్ల లెక్క పో. వచ్చేటప్పుడు బ్లెండింగోళ్ల లెక్క రా" అంది. ఒక్కో చానెల్‌కు పైకీ కిందికీ జరిగే ఫేడర్ ఇంకోటి ఉంది. కుడిచేత్తో క్రాస్‌ఫేడర్ కొట్టి వాడిని ఆపాలి. నేను పాడుతున్నప్పుడే ఎడమచేత్తో అమ్మ చానెల్‌ను కిందికి దించాలి. వాడి పేరు అయ్యాక కుడిచేత్తో అటు జరిపి, ఎడమచేత్తో అమ్మను మెల్లగా పైకి తేవాలి. రెండు చేతులూ కావాలి. చెయ్యి పట్టుకుని నేర్పింది షబ్నమ్. బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో టికెట్ మిషన్ నొక్కే అలవాటు ఉండబట్టి నాకు తొందరగానే పట్టుబడింది.

"కిరాయికి తీస్కపో, ఒక్కరోజు పనే గదా" అన్నాడు చాచా.

"కొంట" అన్నాను.

"పెండ్లి అయినంక దీంతోని ఏం చేస్తవ్?"

"ఇంకెవడన్న మా తండా ఏడ్పు మీద పేరేస్తే కోస్త."

మూడోచోట ఏం పాడాలో మాత్రం నాకు తెలియలేదు. షబ్నమ్ ఏదో ఒకటి అల్లి పాడమంది. అమ్మ నోట్లో నా మాట పెట్టడానికి నేనేమైనా డీజేనా?

పెళ్లయి, మర్నాడు పొద్దున కవితను పంపే వేళ వచ్చింది. తండా నడిమధ్య టెంటు, టెంటు గుంజ పక్కన బల్ల, బల్ల మీద నా నల్ల మిక్సర్, నా నోటి ఎత్తుకు స్టాండు మీద మైకు. సర్వర్ చాచా బాక్సులు రెండు వైపులా నిలబెట్టాడు. షబ్నమ్ వైర్లు సరిచూసి నా వెనక నిలబడింది. బండికి పూలు కట్టి ఉన్నాయి. కవిత అద్దాల ఓణీ కప్పుకుని వచ్చి ముందు నాన్నను పట్టుకుంది. నేను పాట వదిలాను.

అమ్మ గొంతు తండా మీదికి లేచింది. డప్పులు లేకుండా, పటాకులు లేకుండా. నీళ్ల బిందెతో పోతున్న ఒకావిడ ఉన్నచోటే ఆగిపోయింది. నాన్న టెంటు పైకి చూస్తున్నాడు. ఆయనకు ముందే చెప్పాను, అయినా చూస్తున్నాడు.

మొదటిచోటు వచ్చింది. వాడి ఊపిరి చప్పుడు. కొట్టాను. పాడాను. జడ ఎవరు అల్లుతరు బిడ్డా. అమ్మను మెల్లగా, రెండు చేతులతో ఎత్తుకున్నట్టు పైకి తెచ్చాను. అతుకు తెలియలేదు. ముసలి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కవిత నా వైపు తిరిగి తల ఊపింది.

సరిగ్గా అప్పుడే వాణ్ణి చూశాను. టెంటు చివర, టోపీ తిప్పి పెట్టుకుని, ఫోన్ పైకెత్తి. రవి పిలిచాడట, దోస్తు కదా. ప్రభాకర్ మా చెల్లెలి ఏడుపును రికార్డు చేస్తున్నాడు. స్క్రీన్ మీద వేలితో దగ్గరికి లాక్కుంటున్నాడు కూడా. వచ్చే దీపావళికి సరుకు.

నా కళ్లకు వాడు తప్ప ఏమీ కనపడలేదు. రెండోచోటు వచ్చింది. వేలు దానంతటదే కొట్టింది. మైకు నోటి దగ్గరే ఉంది. నోరు తెరిస్తే పాట రాలేదు.

"ప్రభాకర్, ఫోన్ దించు! సిగ్గు లేదురా నీకు? దీపావళి కాదురా, ద్వాలి! మా అమ్మ!"

రెండు బాక్సులూ ఆ అరుపును తండా అవతల చెట్ల దాకా తీసుకుపోయాయి. అందరూ వాడి వైపు తిరిగారు. వాడు ఫోన్ దించాడు, టోపీ కూడా తీశాడు. రవి పోయి వాడి భుజం పట్టుకుని టెంటు బయటికి నడిపించాడు. దీపావళి నుంచి అందామనుకున్నది అన్నాను. హాయిగా ఉండాలి కదా?

లేదు. నేను ఎడమచెయ్యి మర్చిపోయాను. అమ్మ గొంతు మళ్లీ చెంపదెబ్బలా వచ్చి పడింది, అందరూ ఉలిక్కిపడ్డారు. అప్పుడు తెలిసింది ఏం పోయిందో. నీ కోపం ఈడనే ఇడ్సిపో బిడ్డా, నేను దాచిపెడత. ఆ మాట పాడాల్సిన జాగాలో నేను వాడి పేరు పలికాను. వాడి పేరు వినపడొద్దని మిక్సర్ కొని, నా నోటితోనే, అంత పెద్దగా. కవిత నన్నే చూస్తోంది. ఒక్కసారి వినపడ్డా బండి ఎక్కనంది కదా.

నా మీద నాకు పుట్టిన కోపం ముందు వాడి మీద కోపం ఏపాటిది.

కవిత నాన్నను వదిలి నడిచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. గట్టిగా. నా ఎడమచెయ్యి ఆమె కింద చిక్కుకుపోయింది. స్పీకర్లలో అమ్మ రాగం పైకెక్కుతోంది, మూడోచోటు దగ్గరికొస్తోంది. వెనక నుంచి షబ్నమ్, "అక్కా, ఫేడర్" అంటోంది. వాడి ఊపిరి వినపడింది. కుడిచేత్తో కొట్టాను.

డీ రాలేదు. ఏదీ రాలేదు. నా దగ్గర మాట లేదు. మైకు మా ఇద్దరి మొహాల మధ్య ఉంది.

"యాడీ..." అని రాగం తీసింది కవిత.

నన్నే. నా చెవిలో, నా మెడ పట్టుకుని. బాయీ అని కాదు.

నాకు మాట దొరికింది. మూడోది కాదు, నేను పాడు చేసిన రెండోది. "నీ కోపం ఈడనే ఇడ్సిపో బిడ్డా, నేను దాచిపెడత" అని పాడాను. అది అమ్మ రాగమో నాదో నాకు తెలియదు. కవిత ఇంకా గట్టిగా ఏడ్చింది. ముసలి ఆడవాళ్లు చుట్టూ చేరి రాగం కలిపారు.

వాడి పేరు అయిపోయి ఉంటుంది. ఇప్పుడు అమ్మ వైపు జరపాలి. ఆ వైపు పచ్చ చుక్కలు ఎగురుతూనే ఉన్నాయి, అంటే అమ్మ ఇంకా పాడుతోంది. వేలు తగిలిస్తే చాలు, వినపడుతుంది. నేను ఆ చెయ్యి కూడా తీసేసి కవిత చుట్టూ వేశాను.